వితంతువు కుమారుడు - యోహాను క్రిసోస్తోము

క్రీస్తు శకము నాలుగవ శతాబ్దము చివరి భాగమున అంతియొకయ నగరమందలి క్రైస్తవ సంఘము ఒక పేర్ల పట్టికను భద్రముగా ఉంచుకొనెడిది. అందు మూడువేల పేర్లుండెను. అవి భర్తలను కోల్పోయిన స్త్రీల పేర్లు, వివాహము మానుకొని ప్రార్థనలో కాలము గడుపు కన్యల పేర్లు. పట్టికలో పేరున్నవారికి సంఘము ప్రతిదినము పోషణము నిచ్చుచుండెను. నేటి తుర్కీ దేశపు దక్షిణపు కొనయందు అంతాక్య అను పేరుతో నున్న ఆ పట్టణము ఆనాడు రోమను సామ్రాజ్యపు మహానగరములలో ఒకటి. దాని రాజవీథికి ఇరుప్రక్కల స్తంభముల వరుసలుండెను. రాత్రులందు దీపములు వెలుగుచుండెను. చలికాలమున ఆ వీథులలోనే గూడు లేనివారును పడియుండిరి.

ఆ మూడువేల సంఖ్య నేడు మనకు తెలియుటకు కారణము ఒక ఉపన్యాసకుడు. ఆయన 390 ప్రాంతమున మత్తయి సువార్తను వ్యాఖ్యానించుచు, దేవాలయమున కూర్చున్న ధనికులకు ఆ లెక్కను అప్పగించెను. ఆయన పేరు యోహాను. మరణించిన పిమ్మట లోకము ఆయనకు క్రిసోస్తోము అను బిరుదు నిచ్చినది. గ్రీకు భాషలో ఆ మాటకు బంగారు నోరు గలవాడని అర్థము. ఆయన వాగ్వైభవమును గూర్చి వ్రాసినవారు పెక్కుమంది కలరు. కాని ఆ నోరు ఎవరి పక్షమున పలికినదో తెలిసికొనవలెనన్న మొదట ఒక ఇంటిలోని ఒక గదిలోనికి పోవలెను.

తల్లి మాట

యోహాను 347 ప్రాంతమున అంతియొకయలో జన్మించెను. తండ్రి సెకుందుడు సేనాధిపతి కార్యాలయమున ఉద్యోగి. బిడ్డ పుట్టిన కొలదికాలమునకే ఆయన మరణించెను. తల్లి అంథూసాకు అప్పటికి ఇరువది యేండ్లు. రోమను ధర్మశాస్త్రము వితంతువు పునర్వివాహమును నిషేధింపలేదు. ఆస్తి గల యువతికి వరులకు కొదువయు లేదు. అయినను ఆమె మరల వివాహమాడక, భర్త విడిచిన ఆస్తిని కాపాడుచు, కుమారుని చదువునకు ధనము వెచ్చించుచు కాలము గడపెను. ఆ కాలమున ప్రసిద్ధుడైన అలంకారశాస్త్ర పండితుడు లిబానియసు వద్ద కుమారుని చేర్చెను. లిబానియసు క్రైస్తవుడు కాడు. ప్రాచీన దేవతలను కొలిచినవాడు. క్రైస్తవులు అపహరింపకున్నచో తన పీఠమునకు యోహానే వారసుడై యుండెడివాడని ఆయన అవసానకాలమున తలపోసినట్లు ఒక ప్రాచీన చరిత్రకారుడు వ్రాసియున్నాడు.

చదువు ముగిసిన పిమ్మట యోహాను మనస్సు సన్న్యాసము వైపు తిరిగెను. ఒక మిత్రునితో కలిసి ఇల్లు విడిచిపోవుటకు నిశ్చయించుకొనెను. సంగతి తల్లికి తెలిసెను. అప్పుడు జరిగినదానిని యోహాను తరువాతి కాలమున యాజకధర్మమును గూర్చి వ్రాసిన గ్రంథములో వర్ణించెను. తల్లి కుమారుని చేయి పట్టుకొని తన గదిలోనికి తీసికొనిపోయి, అతనిని కనిన మంచముకడ కూర్చుండబెట్టుకొని కన్నీరు విడిచెను. చిన్నవయస్సున ఒంటరిదైన స్త్రీ పడు పాట్లనెల్ల చెప్పెను: సేవకుల సోమరితనము, వారి కపటము, బంధువుల కుట్రలు, పన్నులు వసూలు చేయువారి దౌర్జన్యము, కోమల వయస్సునుండి లోకానుభవము లేని యువతి తలపై పడిన సంసారభారము. చివరకు ఆమె కోరినది ఒక్కటే. తనను రెండవమారు వితంతువును చేయవలదు. తాను కన్ను మూయువరకు ఆగవలెను. పిమ్మట అతని యిష్టము.

ఈ ఘట్టము యోహాను జీవితమునకు తాళపుచెవి వంటిది. వితంతువు కష్టమనగా ఆకలి మాత్రమే కాదని అతడు గ్రంథములలో చదివి తెలిసికొనలేదు. ఆస్తి గల ఇంటిలోనే, తిండికి లోటు లేని ఇంటిలోనే, తన తల్లి గొంతులో ఆ కష్టమును వినెను. అండ లేనివారిని ప్రతివాడును లోకువ చేయునని అతడు తెలిసికొనెను.

అతడు అప్పటికి ఆగెను. తరువాత కొంతకాలమునకు పర్వతములకు పోయి ఒక వృద్ధ తపస్వి కడ నాలుగేండ్లును, గుహలో ఒంటరిగా రెండేండ్లును గడపెను. నిద్రాహారములు మానుటచే జీర్ణశక్తి చెడి, జీవితాంతము బాధించు రోగముతో నగరమునకు తిరిగివచ్చెను. 381లో పరిచారకుడుగా నియమితుడయ్యెను. పేదలను, రోగులను, వితంతువులను విచారించుట సంఘములో పరిచారకుల పని. తల్లి గదిలో విన్న మాట ఇప్పుడు కుమారుని ఉద్యోగమయ్యెను.

పాత ఏర్పాటు

ఈ పని ఆయనతో మొదలైనది కాదు. అప్పటికి అది మూడువందల యేండ్ల నాటి ఆచారము. యెరూషలేములో మొదటి శిష్యులు ఉమ్మడిగా భోజనము పంచుకొనుచున్న దినములలో, గ్రీకు భాష మాటలాడు వితంతువులకు దినభాగము సరిగా అందుట లేదని సణుగుడు పుట్టెను. అపొస్తలులు ఆ ఫిర్యాదును త్రోసివేయక, దానికొరకు స్తెఫను మొదలైన ఏడుగురు మనుష్యులను నియమింపజేసిరి. పంపకములో న్యాయము తప్పినదను ఫిర్యాదునుండి సంఘములో ఒక క్రొత్త వ్యవస్థ పుట్టెనన్నమాట.

తరువాత నియమములు వచ్చెను. తిమోతికి వ్రాయబడిన మొదటి పత్రికలో అవి కనబడుచున్నవి. పట్టికలో చేర్చుకొనదగిన వితంతువు అరువది యేండ్లకు తక్కువ కాకూడదు. ఒక్క పురుషుని భార్యయై యుండవలెను. సత్కార్యములకు పేరు పొందియుండవలెను. పిల్లలో మనుమలో ఉన్నచో మొదట వారే పోషింపవలెను. ఎవరును లేనివారి భారమే సంఘమునది. 251 ప్రాంతమున రోము నగరపు బిషప్పు కొర్నేలియు వ్రాసిన ఒక లేఖ వలన అచటి సంఘము పదునైదువందలకు పైగా వితంతువులను, దీనులను పోషించుచుండెనని తెలియుచున్నది. ఆ సంఘమునకు అప్పటికి రాజాదరణ లేదు, రాజహింస కలదు. రోములోను, తరువాత కాన్‌స్టాంటినోపిలులోను ప్రభుత్వము రొట్టెలు పంచినమాట నిజమే. కాని అది పౌరుని హక్కుగా ఇచ్చినది, పేదరాలని చూచి ఇచ్చినది కాదు.

ఈ వితంతువులు అన్నము తిని ఊరకుండినవారునుగారు. ప్రార్థన వారి ముఖ్యకార్యము. వారిని దేవుని బలిపీఠముగా భావింపవలెనని ప్రాచీన క్రైస్తవులు చెప్పుకొనిరి. తీసికొనువారిని అంత ఎత్తున నిలుపుట ఆనాటి లోకమునకు క్రొత్త. గ్రీకు రోమను నగరములలో దాత పేరు శిలపై చెక్కబడెడిది. తీసికొన్నవారి పేరు ఎవరికిని అక్కరలేదు. సంఘపు పట్టికలో ఉన్నది తీసికొన్నవారి పేరు.

పట్టిక, ముఖము

386లో యోహాను మతగురువుగా అభిషేకింపబడి, నగరపు ముఖ్య ఉపన్యాసకుడయ్యెను. మరుసటి యేట క్రొత్త పన్నుపై ప్రజలు తిరుగబడి చక్రవర్తి థియోడోషియసు విగ్రహములను, రాజకుటుంబము వారి విగ్రహములను కూలద్రోసినప్పుడు, నగరము శిక్షకు భయపడి వణకుచుండగా, ధైర్యము చెప్పినది ఆయన కంఠమే. ఆ ఉపన్యాసములచే ఆయన కీర్తి వ్యాపించెను.

కాని ఆయన ఎక్కువగా తిరిగి తిరిగి చెప్పినది పేదలను గూర్చి. ఒక చలికాలమున అంగడి వీథులగుండా దేవాలయమునకు వచ్చుచు, నేలపై పడియున్న వికలాంగులను, దీనులను చూచి, ఆనాడు తాను వారి రాయబారిగా వచ్చితినని సభలో ప్రకటించి ఉపన్యసించెను. మూడువేల వితంతువుల, కన్యల లెక్కను చెప్పిననాడును ఆయన వాదము గణితము వలె సాగినది. నగరములో పదియవవంతు ధనికులు, పదియవవంతు ఏమియు లేనివారు, తక్కినవారు మధ్యమ స్థితివారు. పదియవవంతు దీనుల భారమును తక్కినవారందరు పంచుకొన్నచో ఒక్కొక్కరికి ఎంత వచ్చును? సంఘపు ఆదాయము ధనికులలో చివరి వరుసవాని ఆదాయమంత మాత్రమే. దానితోనే మూడువేలమందికి, ఖైదీలకు, రోగులకు, బాటసారులకు పెట్టగలిగినప్పుడు, పదిమంది ధనికులు అట్లే చేయ నిశ్చయించినచో నగరమున పేదవాడే మిగులడని ఆయన తేల్చెను.

అదే వ్యాఖ్యానములో మరియొకచోట ఆయన స్వజనమును కూడ విడువలేదు. ప్రజలు చేయి బిగించుటచే సంఘమే పొలములు, ఇండ్లు, బండ్లు, కంచరగాడిదలు సంపాదించుకొనవలసివచ్చినది. పేదల విచారణలో నుండవలసిన బిషప్పులు ద్రాక్షపంటల లెక్కలలోను, ధాన్యపు ధరలలోను మునిగియున్నారు. దానధర్మములకై ఏర్పడిన ఆస్తియే దానధర్మములకు తీరిక లేకుండ చేసినదని ఆయన విచారము. సంస్థలను నడపువారికి ఈ మాట నేటికిని పాతబడలేదు.

యాజకధర్మ గ్రంథములో వితంతువుల విచారణకు ఆయన ప్రత్యేకముగా చోటిచ్చెను. ఆ పని లెక్క పెట్టి ధనము పంచుట మాత్రమేయని అందరును తలంతురు. అది పొరపాటని ఆయన మతము. పేర్లు చేర్చుకొనునప్పుడు బాగుగ పరిశీలింపవలెను. అజాగ్రత్తగా చేర్చుకొన్నందున సంసారములు చెడిన సందర్భములు కలవు. ధనమును దాచియుంచక వెంటనే పంచవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది ఓర్పు. పేదరికము, వార్ధక్యము మనిషిని సణుగునట్లు చేయును, కేకలు వేయించును, అకారణముగా నిందింపజేయును. విచారణకర్త దానికి కోపగింపరాదు. వారి దురవస్థను చూడవలెనే గాని వారి మాటను పట్టుకొనరాదు. ఇచ్చునప్పుడు ముఖము ప్రసన్నముగా నుండవలెను. చేయి చాచుటయే అవమానము. దానిపై కసరుమాట చేర్చినచో ఇచ్చిన ధనము గాయమును మాన్పజాలదు.

పరుల యెదుట చేయి చాచవలసిన స్త్రీ మనస్సు ఎట్లుండునో ఇంత సన్నిహితముగా కనిపెట్టినవారు అరుదు. అంథూసా మంచము ప్రక్కన కూర్చున్న కుమారుడే ఇది వ్రాయగలడు.

ఆయనను దోషరహితుడని చెప్పుట మాత్రము సత్యము కాదు. 386, 387లలో యూదుల ఆచారములను అనుసరించు క్రైస్తవులను మందలించుచు ఆయన చేసిన ఉపన్యాసములలో యూదులపై పలికిన పరుషోక్తులు కలవు. తరువాతి శతాబ్దములలో ద్వేషమునకు అవి ఆయుధములైనవి. భర్తను కోల్పోయిన ఒక యువతికి వ్రాసిన ఓదార్పు లేఖలోను, తదితర రచనలలోను వితంతువు మరల వివాహమాడకుండుటయే మేలని ఆయన బోధించెను. తల్లి నడచిన మార్గమే అందరికిని ఉత్తమమని ఆయన నమ్మెను. ఆ నమ్మకమును మనము అంగీకరింపనక్కరలేదు. అయినను పునర్వివాహమును ఆయన పాపమనలేదు. నిష్ఠ నిలుపుకొనలేనివారు వివాహమాడుటయే మంచిదని చెప్పెను.

రాజధానిలో

397లో కాన్‌స్టాంటినోపిలు బిషప్పు నెక్తారియసు మరణించెను. నేటి ఇస్తాంబులే ఆ రాజధాని. రాజాస్థానము వారు యోహానును కోరుకొనిరి. అంతియొకయ ప్రజలు ఆయనను విడువరను భయముచే, ఆయనను నగరద్వారము వెలుపలికి రప్పించి, రహస్యముగా బండి యెక్కించి తీసికొనిపోయిరి. 398లో ఆయన రాజధానికి బిషప్పయ్యెను.

వచ్చినతోడనే ఆయన చేసిన పని లెక్కల పుస్తకములు తెప్పించి చూచుట. బిషప్పు గృహమున జరుగు విందుల వ్యయమును ఆపి, ఆ ధనమును రోగుల ఆశ్రమమునకు మరల్చెను. క్రొత్తగా మరికొన్ని వైద్యశాలలను కట్టించి, వైద్యులను, వంటవారిని నియమించెను. తాను ఒంటరిగా స్వల్పముగా భుజించెడివాడు. పిమ్మట వితంతువుల పట్టికను చేతికి తీసికొని, ఒక్కొక్కరి నడవడిని విచారించెను. స్నానశాలల విలాసములకు, అలంకారములకు మరగినవారిని పిలిచి, నియమము పాటించుటయో మరల వివాహమాడుటయో తేల్చుకొనుడని చెప్పెను. పట్టిక నిజముగా దీనులైనవారిది కావలెనని ఆయన పట్టుదల. ఈ పట్టుదల కొందరికి నచ్చలేదు.

ఒలింపియాస్

ఆ నగరముననే ఆయనకు ఒక వితంతువు మహాసహాయురాలైనది. ఒలింపియాస్ గొప్ప అధికారుల వంశమున పుట్టి, రాజధాని నగరాధికారిగా పనిచేసిన నెబ్రిదియసును వివాహమాడి, రెండేండ్లు నిండకమునుపే భర్తను కోల్పోయెను. చక్రవర్తి థియోడోషియసు తన బంధువునకు ఆమెను ఇచ్చి చేయదలచెను, ఆమె ఒప్పుకొనలేదు. చక్రవర్తి కోపించి, ఆమెకు ముప్పది యేండ్లు వచ్చువరకు ఆస్తిని నగరాధికారి స్వాధీనమున ఉంచెను. ఆమె దుఃఖించుటకు మారుగా, మోయలేని బరువును దింపినందులకు చక్రవర్తికి కృతజ్ఞత తెలిపి, ఆ ధనమును పేదలకును సంఘములకును పంచుడని కోరెను. కొంతకాలమునకు చక్రవర్తి మనస్సు మార్చుకొని ఆస్తిని తిరిగి యిచ్చెను.

అరువది యేండ్లు నిండనిదే స్త్రీని పరిచారికగా నియమింపరాదని 390లో రాజశాసనము వెలువడినది. ఒలింపియాస్ ముప్పదియేండ్ల ప్రాయముననే పరిచారిక. ఆమె మహాదేవాలయము ప్రక్కన ఒక ఆశ్రమము స్థాపించెను. తన దాసీజనములో ఏబదిమంది అందు మొదట చేరిరి. తరువాత వారి సంఖ్య 250కి పెరిగెనని ఆమె ప్రాచీన చరిత్ర చెప్పుచున్నది. అడిగినవారికెల్ల ఆమె ఇచ్చుచుండెను. అడిగినవారిలో ధనికులైన మతాధికారులును ఉండిరి. ఇట్లు చేయుట సముద్రములో ధనము పోయుటయేనని, అవసరమును చూచి ఇమ్మని యోహాను ఆమెను హెచ్చరించెను. ఆ హెచ్చరికతో ఆమె దానము దీనులవైపు తిరిగెను. చేయి చాచుటకు అలవాటుపడిన పెద్దలు యోహానుపై పగబట్టిరి.

ఆయన పతనమునకును వితంతువులే కొంత కారణమగుట చిత్రము. మార్సా, కాస్త్రికియా, యూగ్రఫియా అను ముగ్గురు ధనవంతురాండ్రు ఆయనకు శత్రువులైరి. వారిని అక్రమార్జిత ధనముగల వితంతువులని యోహాను చరిత్రకారుడు పల్లాదియసు వర్ణించెను. వృద్ధాప్యమున యువతులవలె కురులు దిద్దుకొను స్త్రీలను యోహాను మందలించుట వారికి శూలమయ్యెను. వారికి రాణి యుడోక్సియా దగ్గర చనువు. రాణి ఒక వితంతువు ద్రాక్షతోటను అపహరింపగా యోహాను ఎదిరించెనని తరువాతివారు ఒక కథ చెప్పుకొనిరి. కథ ఎట్లున్నను, ఆయనను గూర్చి ప్రజలు అట్టి కథనే చెప్పుకొనుట గమనింపదగినది.

403లో అలెగ్జాండ్రియా బిషప్పు థియోఫిలసు ఆధ్వర్యమున శత్రువులు ఒక సభ కూర్చి ఆయనపై నేరములు మోపిరి. ఆయన ఒంటరిగా భుజించునన్నది ఒక నేరము. సంఘపు ఆదాయము ఎచటికి పోవుచున్నదో ఎవరికిని తెలియదన్నది మరియొక నేరము. నగరములోని రోగులును వితంతువులును అట్లడుగలేదు, వారికి తెలియును.

వీడ్కోలు

మొదటిమారు వెడలగొట్టబడి, ప్రజల కోలాహలముచే వెంటనే పిలిపింపబడిన యోహాను, 404వ సంవత్సరము జూను 20వ తేదీన శాశ్వతముగా నగరము విడిచెను. వెడలుటకు ముందు ఆయన బాప్తిస్మపు గృహమునకు పోయి నలుగురు స్త్రీలను పిలిపించెను. ఒలింపియాస్, పెంతాదియా, ప్రొక్లా, సిల్వినా. వారిలో ఒలింపియాస్, పెంతాదియా, సిల్వినా భర్తలను కోల్పోయినవారు. తన జీవితము ముగియవచ్చినదని ఆయన వారికి తెలిపెను. తన తరువాత పదవిని ఆశింపక, అందరి సమ్మతితో వచ్చినవానికి తలవంచవలెనని, సంఘము బిషప్పు లేక నిలువజాలదని బోధించెను. వారు ఆయన పాదములు పట్టుకొని విలపించిరి.

ఆయన వెడలిన పిమ్మట మహాదేవాలయము అగ్నికి ఆహుతియయ్యెను. ఒలింపియాస్‌ను న్యాయస్థానమునకు ఈడ్చిరి. దేవాలయములకు తన ధనమునంతయు ధారపోసిన తాను వాటిని కాల్చునా యని ఆమె అధికారిని నిలదీసెను. క్రొత్త బిషప్పును అంగీకరింపనందులకు భారమైన అపరాధము విధింపబడెను. చివరకు ఆమెయు రాజధాని విడిచి నికొమీదియాలో నివసింపవలసివచ్చెను.

యోహాను అర్మేనియా కొండలలోని కూకూసు అను కుగ్రామమున ప్రవాసమున నుండెను. ఒలింపియాస్ పంపిన ధనముతో అచటి ఆకలిగొన్నవారికి పెట్టెను. దొంగలచే చెరపట్టబడినవారిని విడిపించెను. ఆయన ప్రవాసమునుండి వ్రాసిన లేఖలు సుమారు 240 నిలిచియున్నవి. వాటిలో 17 ఒలింపియాస్‌కు వ్రాసినవి. చలికి గది కదలలేక, పొగలో మ్రగ్గుచు, కడుపునొప్పితో బాధపడుచు, ఆయన ఆమె కుంగుబాటును పోగొట్టుటకే ఎక్కువ పుటలు నింపెను. వితంతువులను పోషించినవానిని ఇప్పుడు ఒక వితంతువు పోషించుచుండెను. ఆమెను ఆయన ఓదార్చుచుండెను.

407లో ఆయనను ఇంకను దూరముగా నల్లసముద్రపు ఒడ్డునగల పిత్యూసునకు నడిపించుటకు ఆజ్ఞ వచ్చెను. ఎండలో వానలో కాలినడకన నడిపింపగా, సెప్టెంబరు 14వ తేదీన కొమానా దగ్గర, అన్నిటికొరకును దేవుని స్తుతించి ఆయన ప్రాణము విడిచెను. తరువాతి సంవత్సరమున ఒలింపియాస్‌ కూడ గతించెను. 438లో యోహాను అస్థులను రాజధానికి తెచ్చినప్పుడు, రాణి యుడోక్సియా కుమారుడు రెండవ థియోడోషియసు ఆ పేటికపై తలవంచి, తన తలిదండ్రుల అపరాధమునకు క్షమ వేడెను.

అంతియొకయ పట్టిక నేడు లేదు. అందలి మూడువేలమందిలో ఒక్కరి పేరును మనకు దక్కలేదు. దక్కినది ఆ లెక్కను సభలో చదివినవాని నీతి మాత్రమే: దీనులకు అన్నము పెట్టుట సులభము, వారి సణుగుడును ఓర్చుకొని, ప్రసన్నమైన ముఖముతో, వారి పేరు తెలిసి పెట్టుట కష్టము. ఆ కష్టమైన పనిని యోహాను నేర్చుకొన్న బడి లిబానియసు పాఠశాల కాదు, అంథూసా గది.